కానుకలు - తళుకు కాగితములు

సంక్రాంతి సమీపించుచున్నది. క్రొత్త అల్లుండ్రు అత్తవారిండ్లకును, ఆడపడుచులు పుట్టినిండ్లకును ప్రయాణమగు దినములివి. దీపావళి మొదలుకొని సంక్రాంతి వరకు, నడుమ వచ్చు ఆంగ్ల సంవత్సరాదితో గూడ, మన తెలుగుసీమలో ఒక యింటినుండి మరియొక యింటికి సాగిపోవు కానుకలకు లెక్కలేదు. మిఠాయి పెట్టెలు, వెండి గిన్నెలు, వస్త్రములు, పిల్లల ఆటబొమ్మలు, పండ్ల బుట్టలు మున్నగునవన్నియు బంధుత్వమును, స్నేహమును, కృతజ్ఞతను మోసికొనిపోవునవియే. ఇచ్చిపుచ్చుకొనుట మన జాతికి క్రొత్త గాదు, చెడ్డయు గాదు. మేము ఈనాడు విమర్శింపబూనినది కానుకను గాదు, కానుకకు చుట్టబడుచున్న ముసుగును.

ఆ ముసుగు తీరు చూడుడు. అంగడివాడు వస్తువును మొదట అట్టపెట్టెలో నుంచును. పెట్టెచుట్టును, గిఫ్టు పేపరని పేరుగన్న తళుకు కాగితమును చుట్టును. దాని మడతలను టేపుతో అంటించును. పైన మెరుగు రిబ్బను, రిబ్బనుపై ఒక కృత్రిమ పుష్పము. ఇంతటితో తృప్తినొందక, ఆ సర్వమును మరియొక సంచిలో పెట్టి చేతికిచ్చును. ఈ అలంకారమునకు గల ఆయుర్దాయమెంత? అంగడినుండి పెండ్లిపందిరి వరకు, పందిరినుండి పుచ్చుకొన్నవారి యింటి వరకు. అచట పిల్లలు దానిని ఒక్క నిమిషములో చించివేయుదురు. మరునాటి ఉదయమున పారిశుద్ధ్య కార్మికురాలి తోపుడుబండిలో ఆ తళుకంతయు చేరియుండును. కానుక మిగులును, కానుక కొరకు వెచ్చించిన ధనములో ఒక భాగము చెత్తకుప్పను అలంకరించును.

ఇందుకు చదువరులలో కొందరు, 'కాగితమే కదా, మట్టిలో కలిసిపోవును' అనవచ్చును. అది కాగితమే యైనచో మేమింతగా వ్రాయవలసిన పని లేకపోయెడిది. అంగళ్లలో మిలమిలలాడు ఆ చుట్టలలో పెక్కు కాగితమే కాదు. పాలిప్రొపిలీను లేక పాలియెస్టరు పొరపై అల్యూమినియమును అతిసూక్ష్మముగా పూసి, రంగులద్దిన ప్లాస్టిక్కు అది. మిగిలినవానిలో కొన్ని కాగితములే యైనను పైన ప్లాస్టిక్కు పొర యతికినవి. మరికొన్ని ప్లాస్టిక్కు మెరుపుపొడి చల్లినవి. కాగితపు మిల్లులో పాతకాగితమును నీట నానబెట్టి గుజ్జుచేసి మరల కాగితమును తయారుచేయుదురు. ఈ తళుకు పొర గుజ్జు కాదు, గుజ్జును చెరుపును. కనుకనే పాత సామానుల కొట్టువాడు వార్తాపత్రికలను, అట్టలను తూచి కొనునే గాని ఈ తళుకును త్రాసులో వేయనీయడు. చిత్తుకాగితములేరి బ్రదుకు నిరుపేదయు దీనిని ముట్టడు. ఎవరికిని అక్కరలేని వస్తువును మనము వెలయిచ్చి కొని, ఒక్క నిమిషముంచుకొని, ఊరిమీద పారవేయుచున్నాము.

దీనిని గుర్తించుటకు ఒక సులభమైన పరీక్ష గలదు. ఒక ముక్కను పిడికిట నలిపి వదలిపెట్టుడు. ఉండగా ముద్దగట్టి నిలిచినచో అది సాధారణముగా కాగితము. తనంతట తాను విప్పుకొని సాగినచో అది ప్లాస్టిక్కు. ఈ పరీక్షకు చదువుతో పనిలేదు. ప్రతి గృహిణియు అంగడి యెదుటనే చేయవచ్చును.

పారవేసినది ఎచటికి పోవుచున్నది? ఈ ప్రశ్న పట్టణవాసికి పట్టకున్నను, భూస్వామికి పట్టక తప్పదు. విజయవాడ నడుమగా ఏలూరు, బందరు, రైవసు కాలువలు పారుచున్నవి. అవి కృష్ణవేణి జలమును పట్టణము దాటించి డెల్టా పొలములకు గొనిపోవు జీవనాడులు. పట్టణపు చెత్తలో బండికెక్కనిది మురుగుకాలువలోనికి, అందుండి పంటకాలువలోనికి జారును. తూముల కడ్డుపడును, పిల్లకాలువలలో పేరుకొనును, తుదకు దుక్కిలో నాగలికి తగులును. అది కుళ్లదు. ఎండకు పెళుసుబారి, తునుకలై, కంటికానని రేణువులై మట్టిలో మిగిలిపోవును. పట్టణమున జరిగిన పెండ్లివేడుక యొక్క శేషము పల్లెపొలమున ఎరువునకు బదులు చేరుచున్నదన్నమాట.

ఇంతకంటె శోచనీయమైనది మరియొకటి కలదు. కనుమ పశువుల పండుగ. ఆ దినమున రైతు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో పూలదండవేసి, పసుపుకుంకుమలతో పూజించును. అంతకు రెండుమూడు దినముల ముందునుండి మిఠాయి మరకలంటిన తళుకు పొరలను, సంచులను వీధిలో పారవేయువారమును మనమే. తీపి వాసనకు ఆశించి ఆవు వానిని నమలి మ్రింగును. అది జీర్ణముగాదు, వెలికిరాదు, కడుపులో ముద్దగట్టి మేతకు చోటులేకుండ జేయును. పశువైద్యులు కడుపు కోసి అట్టి ముద్దలను తీసివేయుట లోకమెరిగినదే. ఒక చేత విషమును పెట్టి, మరియొక చేత హారతి పట్టుట ఏ ధర్మశాస్త్రమున కలదు? మరికొందరు, వీధిలో పారవేయుటకంటె కాల్చుట మేలని తలంచి, ఈ తుక్కును భోగిమంటలలో వేయుచున్నారు. పాత కట్టెలకును, ఆవుపిడకలకును ఏర్పడిన ఆ మంటలో ప్లాస్టిక్కును వేసినచో వెలువడునది విషధూమము. ఆ మంటచుట్టును చలికాగుచు నిలుచువారు మన బిడ్డలే.

ఈ తళుకు ముసుగు మనకు అనాదిగా వచ్చినది కాదు. పాశ్చాత్యులకు సైతము దీని నేటి రూపము ఒక శతాబ్దమునాటిదే. 1917వ సంవత్సరమున అమెరికాలోని కాన్సాస్ సిటీ నగరమున, తరువాత హాల్‌మార్కు అను పేరుతో ప్రసిద్ధికెక్కిన హాల్ సోదరుల దుకాణమున, క్రిస్మసు పండుగకు కానుకలు చుట్టు పలుచని కాగితము అయిపోయెను. అంతట వారు కవరుల లోపల అతుకుటకు ఫ్రాన్సు నుండి వచ్చిన రంగుల కాగితమును అమ్మకమునకు పెట్టిరి. అది క్షణములో అమ్ముడుపోయెను. అంగడిలో సరకు నిండుకొనుటచే పుట్టిన యొక ఉపాయము క్రమముగా గొప్ప వ్యాపారమయ్యెను. 1930లో పారదర్శకమగు అంటుటేపు విపణికి వచ్చుటతో అది ఇంటింటి యలవాటయ్యెను. ప్లాస్టిక్కు పొరలు చౌకయైన పిదప ఆ యలవాటు మన యూళ్లకును ప్రాకెను. ఒక వర్తకుని తాత్కాలికోపాయమును మనము సదాచారమని భ్రమించి, అది లేనిదే కానుక కానుక కాదనుకొనుచున్నాము.

మన పెద్దలు కానుకకు ముసుగు లేకుండ ఇచ్చిరా? లేదు. వారును కప్పిరి, కాని ఎట్లు కప్పిరో చూడుడు. ముత్తైదువ వాయనమిచ్చునపుడు చేటపై తన చీరకొంగును కప్పి యిచ్చును. పుచ్చుకొను ఆమె తన కొంగు పట్టి స్వీకరించును. ఇచ్చువారి కొంగే కప్పు, పుచ్చుకొనువారి కొంగే సంచి. ఇందులో పారవేయవలసినది ఒక్క పోగైనను లేదు. ఆడబిడ్డను అత్తవారింటికి పంపునపుడు సారెను ఇత్తడిబిందెలలోను, మేదరివాడల్లిన వెదురుబుట్టలలోను నింపి, పైన క్రొత్తవస్త్రము కప్పి పంపిరి. బిందె కాపురములో నీళ్లకు, బుట్ట ధాన్యమునకు, వస్త్రము కట్టుకొనుటకు. తాంబూలముతో ఇచ్చు రవికెగుడ్డయు అట్టిదే. కప్పు సైతము కానుకలో భాగమగుట మన సంప్రదాయము.

ఈ కళ మన యాంధ్రదేశమున ఎంత యున్నతస్థితి నందెనో తెలిసికొనగోరువారు దూరదేశపు ప్రదర్శనశాలలను చూడవలసివచ్చుచున్నది. 17వ శతాబ్దమున గోలకొండ సుల్తానుల కాలమున మన నేలమీద కలంకారీ పనితో నూలు రుమాళ్లు తయారయ్యెడివి. ఉద్యానములు, వేటలు, వినోదగోష్ఠులు చిత్రింపబడిన ఆ చతురస్రపు గుడ్డలను సంపన్నుల యిండ్లలో కానుకలపై కప్పుటకు వాడెడివారు. వానిలో కొన్ని నేడు న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలోను, లండను నగరపు విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలోను భద్రముగా నున్నవి. ఆ రుమాలు కప్పిన కానుక యేమయ్యెనో ఎవరికిని తెలియదు. కప్పిన గుడ్డ మాత్రము మూడున్నర శతాబ్దములకు పైగా నిలిచినది. మన కప్పు మూడున్నర నిమిషములైనను నిలువదు. నాగరకతలో ముందునకు పోవుచున్నామని చెప్పుకొనుటకు ముందు ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచుట మంచిది.

ఇతర జాతులు తమ సొత్తును ఇట్లు మరువలేదు. జపానువారికి ఫురోషికి యనెడి చదరపు గుడ్డ కలదు. దానితో దేనినైనను ముడివేసి కానుకగా గొనిపోవుదురు. పుచ్చుకొన్నవారు గుడ్డను తిరిగి యిచ్చుటయు వారి మర్యాదలలో నున్నది. ప్లాస్టిక్కు సంచుల వరదలో ఆ యలవాటు మరుగుపడుచుండగా, 2006లో ఆ దేశపు పర్యావరణ మంత్రిణి యురికో కొయికే స్వయముగా ఒక ఫురోషికిని ప్రచారమునకు తెచ్చి, ప్రజలను మరల ఆ దారికి పిలిచిరి. కొరియావారికి బొజాగి యను పేర అట్టి వస్త్రమే యున్నది. యంత్రపరిశ్రమలలో మనకంటె ఎంతయో ముందున్న జాతులు తమ తాతల గుడ్డముక్కను చూచి సిగ్గుపడలేదు. మనకేల సిగ్గు?

ప్రభుత్వ మేమి చేసినది? చేయలేదనుట అన్యాయము. 2021 ఆగస్టు 12న కేంద్రప్రభుత్వము ప్రకటించిన సవరణ నిబంధనల ననుసరించి, 2022 జూలై 1 నుండి మిఠాయిపెట్టెల చుట్టును, ఆహ్వానపత్రికల చుట్టును చుట్టు ప్లాస్టిక్కు పొర నిషిద్ధమైనది. ప్లాస్టిక్కు చేతిసంచుల మందము 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకు తగ్గరాదని శాసించిరి. ఐనను ఏ పండుగకైనను మిఠాయి దుకాణమునకు పోయి చూచినచో ఈ శాసనము ఎంతవరకు అమలగుచున్నదో తెలియును. అదియుగాక, ఆ నిషేధపు పట్టికలో కానుకలకు చుట్టు తళుకు కాగితము పేరు లేదు. ఉండినను, శాసనము అంగడి గుమ్మము వరకే వచ్చును, పెండ్లిపందిరిలోనికి రాదు. ఇచ్చట పనిచేయవలసినది పోలీసు కాదు, మర్యాద. ఏది గౌరవమో, ఏది అగౌరవమో నిర్ణయించు లోకాభిప్రాయము మారవలెను.

మారుమనగానే వర్తకుడు మరియొక వేషముతో ఎదురగును. ఆ వేషములను గూర్చి చదువరులను ముందుగా హెచ్చరింపవలసియున్నది. బట్టసంచులని చెప్పి నేడు దుకాణములలో ఇచ్చుచున్న రంగురంగుల మెత్తని సంచులలో పెక్కు బట్టసంచులు కావు. అవి నేయని పాలిప్రొపిలీను సంచులు. పోగులుగా కానవచ్చు ప్లాస్టిక్కు. ఎండలో చాలకాలముంచినచో పొడిపొడిగా రాలును. పడుగు, పేక కంటికి కానవచ్చినచో అది నేసిన గుడ్డ, కానరానిచో అనుమానింపుడు. అట్లే, నూలుగుడ్డ యైనంత మాత్రమున దోషరహితమనియు తలంపరాదు. ప్రత్తికి నీరు వలయును. అద్దకమునకు రంగులు వలయును. ఒక్క పర్యాయము చుట్టి పారవేసినచో గుడ్డయు దుర్వ్యయమే. పదిమంది చేతులు మారినపుడే, లేక నిత్యవినియోగమునకు వచ్చినపుడే దానికి సార్థకత.

ఇంతకును మేము కోరునదేమి? కష్టసాధ్యమైనది ఒక్కటియు లేదు. కానుక యిచ్చువారు తళుకు చుట్ట వలదని అంగడిలోనే చెప్పవలెను. చుట్టవలెనన్నచో రవికెగుడ్డతోనో, కండువాతోనో, చేనేత తువ్వాలుతోనో చుట్టి ముడివేయవలెను. టేపు అక్కరలేదు, రిబ్బను అక్కరలేదు, ముడిలో ఒక బంతిపువ్వును దోపినచో అంతకంటె అందమైన అలంకారము లేదు. అరిసెలు, సున్నుండలు, కాజాలు పంపువారు తాటాకుబుట్టలో అరటియాకు పరచి పంపవచ్చును, లేదా ఇంటి స్టీలుడబ్బాలో పంపి డబ్బాను తిరిగి తెచ్చుకొనవచ్చును. డబ్బాను వట్టిదిగా తిరిగి పంపకుండుట మన యిండ్లలోని మర్యాద గనుక, దానితో మరియొక తీపియు వచ్చును! పేరంటములలో నానబెట్టిన శనగలను ప్లాస్టిక్కు సంచులలో కట్టి పంచుట మాని, ఆకుదొన్నెలలో పెట్టవలెను. పుస్తకములు, బొమ్మలు మున్నగువానికి చదివిన వార్తాపత్రికయే చాలును. ఈ పత్రిక సైతము ఆ సేవకు సిద్ధముగానే యున్నది. సంపాదకీయమును చదివిన పిదప మాత్రమే యని మా మనవి. ఐతే అచ్చుసిరా ఆహారమునకంటరాదు. వార్తాపత్రికలలో తినుబండారములు చుట్టరాదని భారత ఆహారభద్రతా ప్రమాణాల సంస్థ 2016లోను, మరల 2023లోను హెచ్చరించియున్నది. ఇదివరకే ఇంటికి వచ్చిపడిన తళుకు కాగితములను చింపక విప్పి, మడిచి దాచి, అవి చినుగువరకు మరల మరల వాడవలెను. వేడుక చేయువారు ఆహ్వానపత్రికలోనే, కానుకలకు ప్లాస్టిక్కు ముసుగు వలదని ఒక్క పంక్తి అచ్చువేయింపవలెను. ఆ ఒక్క పంక్తి అతిథుల సంకోచమును పూర్తిగా పోగొట్టును.

దీనికి కొన్ని ఆక్షేపణలు రాగలవు. మొదటిది, ఇది అల్పవిషయమనుట. దేశమున ఇంతకంటె పెద్ద సమస్యలు లేవా యని అడుగుదురు. ఉన్నవి. కాని పెద్ద సమస్యలను పరిష్కరించుటకు చట్టసభలు కావలెను, ధనము కావలెను, కాలము కావలెను. దీనికి కావలసినది ఒక గుడ్డ, ఒక ముడి. తన చేతిలోనున్న చిన్నపనిని చేయజాలనివాడు తన చేతిలో లేని పెద్దపనిని గూర్చి ఉపన్యసించుట హాస్యాస్పదము. గాంధి మహాత్ముడు సామ్రాజ్యముతో పోరాడుచునే, తనకు వచ్చిన ఉత్తరముల వెనుకప్రక్క తెల్లగా నుండు కాగితమును వ్రాతకు వాడుకొనెడివాడు. ఆయన దృష్టిలో ఈ రెండు పనులకును మూలమైన సత్యమొక్కటే. పరుల శ్రమచే వచ్చిన వస్తువును వ్యర్థము చేయుటకు మనకు అధికారము లేదు.

రెండవది, పిల్లల ముచ్చట. ముసుగు విప్పుటలోని వేడుక పోవునందురు. పోదు. వేడుక ముడి విప్పుటలో నున్నది, చించుటలో లేదు. మూడవది, తళుకు కాగితముపై బ్రదుకు చిన్న వర్తకుల గతి యేమనుట. ఇది ఆలోచింపదగినది. కాని ఆ వర్తకుడే రుమాళ్లను, బుట్టలను, దొన్నెలను అమ్మవచ్చును. కానుకను గుడ్డలో నేర్పుగా ముడివేయుటకు కూలిని సైతము పుచ్చుకొనవచ్చును. అతనికి వచ్చు లాభము తగ్గదు. అతని లాభముతోబాటు చేనేతవానికి, మేదరికి, అడ్డాకులు కుట్టు మన్యపు గిరిజనులకు కూడ నాలుగు రూకలు చేరును. పెడనలో కలంకారీ అద్దకములు, చీరాల, మంగళగిరి మగ్గములు, పొందూరు ఖద్దరు మనకున్నవి. తేలియా రుమాలు అను నూనెరంగు చదరపు గుడ్డ ఒకనాడు చీరాలనుండి అరబ్బు దేశములకు పోయెడిది. పుట్టపాకలో నేయబడు ఆ రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. ఇంత సంపద ఇంట నుండగా కానుకపై కప్పుటకు గుడ్డ దొరకలేదనుట మనకు తగునా?

1905 ఆగస్టు 7న కలకత్తా టౌనుహాలులో స్వదేశీవ్రతము ప్రారంభమయ్యెను. 1907లో బిపినచంద్రపాలుడు విజయనగరము నుండి బందరు వరకు తిరిగి ఆ వ్రతమును మన యాంధ్రులకు బోధించెను. ఆ దినమును స్మరించియే 2015 నుండి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవముగా జరుపుచున్నాము. కాని వ్రతమును ఏడాదికొక దినమునకు కుదించుట వ్రతభంగమే. అదియుగాక స్వదేశి యన్న మాటకు ఈనాడు మరికొంత అర్థము చేర్చవలసియున్నది. తళుకు పొర మన దేశపు కర్మాగారములలోను తయారగుచున్నది. దేశమున పుట్టినంత మాత్రమున చెత్త పవిత్రము కాజాలదు. 1934లో గాంధీజీ ప్రేరణమున నెలకొన్న అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమునకు కార్యదర్శియైన కుమారప్పగారు సంపదను రెండు తెగలుగా విభజించి చూపిరి. ఒకటి గనులవలె త్రవ్వినకొలది తరిగిపోవు నిలువ. రెండవది ఏటేట ప్రకృతి నింపు ప్రవాహము. తళుకు పొర నేలనూనె నుండి వచ్చును. అది మొదటి తెగ. ఆకు, వెదురు, ప్రత్తి రెండవ తెగ. ఒక నిమిషపు అలంకారమునకై తరిగిపోవు నిలువను తగులబెట్టుట వివేకము గాదు.

తుదకు ఒక మాట మా చదువరులతో ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఆచారములు పైనుండి క్రిందికి దిగును. గ్రామమున పెద్దరైతు, పట్టణమున వకీలు, వైద్యుడు, వర్తకుడు ఎట్లు పెండ్లి చేయుదురో, వెనుకనున్నవారు అప్పుచేసియైనను అట్లే చేయుదురు. తళుకు చుట్టని కానుకను బీదవాడు తెచ్చినచో లోకము దానిని లేమి యనును. సంపన్నుడు తెచ్చినచో మర్యాద యనును. కనుక మొదటి యడుగు వేయవలసిన బాధ్యత సంపన్నునిపైననే యున్నది. ఈ సంక్రాంతికి అల్లునికి పెట్టు బట్టలను ఒక చేనేత కండువాలో ముడివేసి యిండు. ఆడపడుచునకు పంపు పిండివంటలను బుట్టలో పంపుడు. ఆ ముడిని చూచి నలుగురు అడుగుదురు. అడిగినవారికి కారణము చెప్పుడు. రాబోవు కనుమనాడు పశువుల కొట్టములో పసుపుకుంకుమలు పట్టుకొని నిలుచునపుడు, వాని మేతలో మన వేడుకల విషము లేదని ధైర్యముగా తలంచుకొనగలుగుటయే ఇందుకు తగిన ఫలము.